వంగే రాడ్, సాగే దారం: క్రాంక్‌బైట్‌తో బాస్ వేటకు ఏ సామగ్రి?

గుర్రపుడెక్క పరుచుకున్న చెరువుల్లో కొర్రమీనుకు గాలం వేసి ఆరితేరిన చేయి, టెక్సాస్ వచ్చి బాస్ చేప కోసం క్రాంక్‌బైట్ విసిరితే మొదట జరిగేది ఒకటే. చేప ఎరను కొడుతుంది, కర్ర వంగుతుంది, నాలుగు బారలు లాగేసరికి దారం తేలికైపోతుంది. కొర్రమీను వేటలో మనకు అబ్బిన విద్య వేరు. అక్కడ ఎర రబ్బరు కప్ప. దాని గాలం లావుగా, పైకి తిరిగి ఉంటుంది. చేప కప్పను నోట కరుచుకుని ఆకుల కిందికి దూరేలోపే బలంగా ఎత్తి కొట్టాలి. అందుకు కర్ర గట్టిగా ఉండాలి, దారం పిసరంత కూడా సాగకూడదు. అదే గట్టి కర్ర, అదే అల్లిక దారం పట్టుకుని డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ మీద నేను గడిపిన మొదటి ఉదయం, మూడు మంచి బాస్‌లు పడవ పక్కదాకా వచ్చి తల విదిల్చుకుని వెళ్లిపోయాయి. ముడి ఊడలేదు, దారం తెగలేదు, గాలం మొన విరగలేదు. తప్పంతా సామగ్రి పొందికలోనే ఉంది.

ఈ పొందిక మీద అమెరికా వేటగాళ్లలో దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. ఫైబర్‌గ్లాస్ రాడ్ తప్ప మరొకటి పనికిరాదనేవాళ్లు ఒకవైపు, గ్రాఫైట్ ఉండగా ఆ బరువు ఎందుకు మోయాలనేవాళ్లు మరోవైపు. దారంలో నైలాన్, ఫ్లోరోకార్బన్, అల్లిక దారం అని మూడు పక్షాలు. రీల్ నెమ్మదిగా తిరగాలా, వేగంగా తిరగాలా అన్నది ఇంకో తగవు. ఎవరి అనుభవం వాళ్లది, చాలామటుకు ఎవరి మాటా అబద్ధం కాదు. కాకపోతే మూడు వస్తువులనూ విడివిడిగా తూచడం వల్లే వాదన తెగడం లేదని నా అభిప్రాయం. చేప దవడకూ మన మణికట్టుకూ మధ్య ఉన్నది ఒకే స్ప్రింగు. రాడ్ అందులో ఒక భాగం, దారం ఒక భాగం, చేప గట్టిగా లాగితే దారాన్ని వదిలే డ్రాగ్ అనే రీల్ బ్రేకు ఇంకో భాగం. ఆ మొత్తంలో ఒదుగు ఎంత ఉండాలి, అది ఏ భాగంలో ఉండాలి అన్నదే తేల్చుకోవలసిన విషయం.

ముందు ఎర సంగతి చూద్దాం. చిన్న చేప ఆకారంలో చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసి, మూతి దగ్గర ఒక పలక అమర్చిన ఎర క్రాంక్‌బైట్. రీల్ తిప్పేకొద్దీ నీటి ఒత్తిడి ఆ పలక మీద పడి ఎర తల కిందికి దించి మునుగుతూ, అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. తిప్పడం ఆపితే చాలా రకాలు పైకి తేలతాయి. 1960ల చివర టెన్నెసీ రాష్ట్రంలో ఫ్రెడ్ యంగ్ అనే ఆయన బాల్సా చెక్కతో చేత్తో చెక్కిన బొద్దు ఎర ‘బిగ్ ఓ’తో ఈ రకానికి గిరాకీ పెరిగింది. పోటీలకు వెళ్లేవాళ్లు దాన్ని అద్దెకు తీసుకుని వాడిన సందర్భాలు కూడా ఉన్నాయి. తర్వాత కాటన్ కార్డెల్ కంపెనీ దాన్ని ప్లాస్టిక్‌లో పోసి లక్షల్లో అమ్మింది. ఇప్పుడు పలకను బట్టి రకాలు. పలక పొట్టిగా, చదరంగా ఉంటే ఐదారు అడుగుల లోపు తిరుగుతుంది. పొడవైన పలక ఉన్న స్ట్రైక్ కింగ్ 6ఎక్స్‌డీ లాంటివి 19 అడుగుల దాకా, 10ఎక్స్‌డీ 25 అడుగుల దాకా దిగుతాయని తయారీదారు చెబుతారు. రపాలా వాళ్ల డీటీ వరుసలో పేరు పక్కన ఉన్న అంకే అడుగుల్లో లోతు. పలకే లేకుండా లోపల గోలీలతో గలగలమనే లిప్‌లెస్ రకాలు కూడా ఈ కుటుంబంలోవే. వీటిలో ఎక్కువ రకాలు ఆపితే మునిగిపోతాయి.

పలకలో, బరువులో ఎంత తేడా ఉన్నా దాదాపు అన్నిటికీ ఒక పోలిక ఉంది. కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, సన్నటి తీగతో చేసిన మూడు కొక్కేల గాలాలు. మన తగవంతా పుట్టేది ఇక్కడే. పెద్ద ఒంటి గాలం దవడ ఎముక దాటి లోతుగా దిగుతుంది. ఈ చిన్న కొక్కేలు పెదవి చర్మంలో ఏ కాస్త భాగాన్నో పట్టుకుని ఉంటాయి. బాస్ నీటి పైకి లేచి తల విదిల్చిందంటే అరఔన్సు, ఔన్సు బరువున్న ఆ ఎరే గునపంలా పనిచేసి గాలాన్ని పెకిలిస్తుంది. కర్రా దారం రెండూ బిర్రుగా ఉంటే ప్రతి విదిలింపూ నేరుగా కొక్కేనికి తగిలి రంధ్రం పెద్దదవుతుంది. చేప మన వైపు ఒక్క క్షణం ఈదితే చాలు, దారం వదులై ఎర జారిపోతుంది. వంగే రాడ్ ఆ వదులును తనే తిరిగి లాక్కుని దారాన్ని బిగువుగా ఉంచుతుంది.

ఒదుగు వల్ల ఇంకో లాభం చేప కాటు వేసిన క్షణంలోనే ఉంది. బాస్ ఎరను కొరికి పట్టుకోదు. ఒక్కసారిగా నోరు తెరిచి, మొప్పలు విప్పి, నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. ఆ క్షణంలో రాడ్ కొన కాస్త ముందుకు వంగితే ఎర నోట్లోకి పోతుంది. కొన వంగకపోతే ఎర పెదవి అంచునే ఆగుతుంది. అందుకే క్రాంక్‌బైట్‌తో చేప కొట్టగానే ఎత్తి కొట్టకూడదని పెద్దలు చెబుతారు. రీల్ తిప్పుతూనే ఉండి, బరువు తగిలాక రాడ్‌ను పక్కకు తీసుకుంటే చాలు. కొర్రమీను వేట నేర్చిన చేతికి ఇది నేర్చుకోవడం కంటే అది మరిచిపోవడం కష్టం.

రాడ్ మీద రాసి ఉండే మాటల్లో రెండింటిని కలగాపులగం చేయకూడదు. ‘పవర్’ అంటే ఎంత బరువుకు వంగుతుందన్నది, ‘యాక్షన్’ అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ యాక్షన్ అయితే కొన దగ్గరే వంగి కింద గట్టిగా నిలుస్తుంది. మోడరేట్ అయితే వంపు రాడ్ నడుము దాకా పాకుతుంది. క్రాంక్‌బైట్‌కు కావలసింది మోడరేట్. ఈ విషయంలో గ్లాస్ పక్షానికీ గ్రాఫైట్ పక్షానికీ పెద్దగా భేదం లేదు. ఆ వంపును ఏ పదార్థంతో సాధించాలన్న దగ్గరే విడిపోతారు.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత వెదురును తోసి ఫైబర్‌గ్లాస్ వచ్చింది, 1970లలో గ్లాస్‌ను తోసి గ్రాఫైట్ వచ్చింది. కార్బన్ పోగు బిర్రుదనం గ్లాస్ పోగుకు దాదాపు మూడు రెట్లు, సాంద్రత మాత్రం తక్కువ. అందుకే అదే బలానికి గ్రాఫైట్ రాడ్ సన్నగా, తేలికగా ఉంటుంది. నీటి అడుగున ఎర రాయిని తాకిందా, కొమ్మను తాకిందా, పాచి తగులుకుందా అన్నది చేతికి తెలుస్తుంది. మిగతా వేటలన్నిటికీ గ్రాఫైట్ గెలిచింది. క్రాంక్‌బైట్ దగ్గర మాత్రం గ్లాస్ నిలబడింది. ఈ ఎర వేటలో పేరున్న డేవిడ్ ఫ్రిట్స్ 1993లో బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే బాస్ వేట పోటీ గెలిచినవాడు, గ్లాస్ రాడ్‌కు నిలువెత్తు న్యాయవాది. గ్లాస్ ఆలస్యంగా స్పందించడమే దాని బలమని ఆ పక్షం వాదన. చేప కొట్టిన సంగతి చేతికి ఒక లిప్త ఆలస్యంగా అందుతుంది కాబట్టి వేటగాడి తొందరకు అవకాశం ఉండదు.

గ్రాఫైట్ పక్షం మాట కూడా తీసేయదగింది కాదు. ఏడున్నర అడుగుల గ్లాస్ రాడ్ కొన దగ్గర బరువుగా ఉంటుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా లోతు ఎర విసిరితే భుజం పడిపోతుంది. కొన ఊగిసలాట ఎక్కువ కాబట్టి గురి కూడా కష్టం. ఈ రెండింటి మధ్య రాజీగా గ్లాస్, గ్రాఫైట్ కలిపిన కాంపోజిట్ రాడ్లు వచ్చాయి. నాలుగుసార్లు క్లాసిక్ గెలిచిన కెవిన్ వ్యాన్‌డ్యామ్ పేరుతో అమ్మిన క్రాంకింగ్ రాడ్లు ఈ తరహావే. నా చేతికి కూడా ఇవే నచ్చాయి. ఇంకో మాట: ఖరీదు పెరిగేకొద్దీ గ్రాఫైట్ రాడ్లు సాధారణంగా ఇంకా బిర్రుగా అవుతాయి. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ చేపలు దక్కుతాయన్న లెక్క ఈ ఒక్క ఎర దగ్గర తలకిందులవుతుంది. మామూలు ధర గ్లాస్ లేదా కాంపోజిట్ రాడ్ ఖరీదైన బిర్రు గ్రాఫైట్ కంటే ఎక్కువ చేపలను పడవలోకి చేరుస్తుంది.

ఒక మినహాయింపు చెప్పి తీరాలి. శీతాకాలం చివర టెక్సాస్ జలాశయాల్లో హైడ్రిల్లా నాచు మీదుగా లిప్‌లెస్ ఎర లాగడం ఇక్కడి పాత విద్య. శామ్ రేబర్న్, లేక్ ఫోర్క్ లాంటి చోట్ల ఎర్ర రంగు ర్యాట్-ఎల్-ట్రాప్ లేకుండా ఫిబ్రవరిలో పడవ కదలదు. ఎర నాచులో తగులుకోవాలి, దాన్ని ఒక్క కుదుపుతో చీల్చుకుని పైకి లేపాలి. చేప కొట్టేది ఆ లేచిన క్షణంలోనే. మెత్తటి గ్లాస్ రాడ్‌తో కుదిపితే రాడ్ వంగుతుంది గానీ నాచు వదలదు. ఇక్కడ కాస్త గట్టి రాడ్ కావాలి, మోడరేట్-ఫాస్ట్ యాక్షన్, మీడియం-హెవీ పవర్. అలాంటప్పుడు తగ్గిన ఒదుగును డ్రాగ్ వదులు చేసి రాబట్టుకోవాలి.

ఇక దారం. అపోహలన్నీ ఎక్కువగా పేరుకున్నది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూడాలి.

నైలాన్ మోనోఫిలమెంట్ పాతది, చవకైనది, బాగా సాగేది. నీరు పీల్చుకుని మెత్తబడుతుంది కూడా. ఫ్లోరోకార్బన్‌ను గాలం దారంగా 1971లో జపాన్‌లోని కురేహా కంపెనీ తెచ్చింది. సీగార్ ఆ కంపెనీ దారం పేరే. అల్లిక దారం పాలిథిలీన్ పోగులతో నేసినది, దాదాపు సాగదు. సాంద్రతలో నీటిని 1 అనుకుంటే నైలాన్ సుమారు 1.14, ఫ్లోరోకార్బన్ 1.78, అల్లిక దారం 0.97. ఈ అంకెలు చూసి, ఫ్లోరోకార్బన్ మునిగే దారం కాబట్టి ఎరను లోతుకు లాక్కుపోతుందని అందరూ అంటారు.

లెక్క కట్టి చూద్దాం. 0.30 మిల్లీమీటర్ల మందం ఉన్న దారం 40 మీటర్లు నీటిలో ఉందనుకోండి. దాని ఘనపరిమాణం మూడు ఘన సెంటీమీటర్ల లోపే. నీటిలో ఫ్లోరోకార్బన్ బరువు సుమారు 2.2 గ్రాములు, నైలాన్ బరువు 0.4 గ్రాములు. తేడా రెండు గ్రాములు కూడా లేదు. పొడవు పలక ఉన్న ఎర మునిగేటప్పుడు లాగే బలం ముందు ఇది లెక్కలోది కాదు. మరి లోతును నిర్ణయించేది ఏమిటి? మందం. నీటిలో అడ్డంగా కదిలే దారానికి ఎదురయ్యే నిరోధం దాని మందాన్ని బట్టి పెరుగుతుంది. 10 పౌండ్ల దారం 0.28 మిల్లీమీటర్లు, 15 పౌండ్ల దారం 0.38 మిల్లీమీటర్లు అనుకుంటే నిరోధం మూడో వంతుకు పైగా ఎక్కువ. 19 అడుగులు దిగవలసిన ఎరను లావు దారానికి కట్టి, అడుగు తగలడం లేదని ఎరను తిట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. కాబట్టి లోతు కావాలంటే పదార్థం కంటే ముందు మందం చూడాలి. డబ్బా మీద పౌండ్ల పక్కనే మందం కూడా ముద్రిస్తారు. కంపెనీని బట్టి ఒకే పౌండ్ల దారం మందంలో తేడా ఉంటుంది.

ఫ్లోరోకార్బన్ సాగదన్నది సగం నిజం. చిన్న బరువుల దగ్గర అది నైలాన్ కంటే బిగువుగా నిలుస్తుంది కాబట్టి అడుగున ఎర తాకిడి చేతికి బాగా తెలుస్తుంది. చేప బలంగా లాగితే అది కూడా సాగుతుంది. క్రాంక్‌బైట్‌కు సరిగ్గా కావలసింది ఇదే. నీటిలో కనబడదన్న మాట కూడా సగమే. నీటి వక్రీభవన గుణకం 1.33, దీనిది 1.42, నైలాన్‌ది 1.53. దగ్గరే గానీ సమానం కాదు. ఐనా పరుగెత్తే ఎర వెనక దారాన్ని పరిశీలించే తీరిక బాస్‌కు ఉండదు. ఆ కారణం కోసం డబ్బు పెట్టనక్కరలేదు. రాళ్లకూ మొద్దులకూ ఒరుసుకున్నా తట్టుకుంటుందన్న కారణం కోసం పెట్టవచ్చు.

అల్లిక దారం పక్షానికి తిరస్కరించలేని వాదన ఒకటుంది. 30 పౌండ్ల అల్లిక దారం మందం 8 పౌండ్ల నైలాన్ అంతే. దూరం పోతుంది, లోతుగా దిగుతుంది. కానీ అందులో ఒదుగు సున్నా. దాన్ని వాడితే ఒదుగంతా రాడ్‌లో ఉండి తీరాలి, అంటే అసలైన గ్లాస్ రాడ్. లేక్ ఫోర్క్ నీళ్లలో నిలిచిపోయిన మోళ్లకు ఎర తగులుకున్నప్పుడు అల్లిక దారం చెక్కలోకి కోసుకుపోతుంది, విడిపించడం కష్టం. గడ్డికి మంచిది, మొద్దుకు చెడ్డది. నైలాన్‌కు తగిన చోటు తీరం దగ్గర, లోతు లేని నీళ్లలో. చదర పలక ఎరను మొద్దుల మధ్య నుంచి తెచ్చేటప్పుడు కాస్త లావు నైలాన్ దాన్ని మరీ లోతుకు దించకపోవడమే మేలు. 2011లో లూసియానా డెల్టాలో వ్యాన్‌డ్యామ్ క్లాసిక్ గెలిచింది ఇలాంటి చదర పలక ఎరతోనే. మొద్దును తాకి పక్కకు తుళ్లడమే దానిలోని మహత్తు, చేప కొట్టేది ఆ తుళ్లింపునే.

లోతు కోసం పడిన తాపత్రయానికి ఒక ఘట్టం చెప్పకుండా ఉండలేను. 1982లో అలబామా నది మీద జరిగిన క్లాసిక్‌లో పాల్ ఎలియాస్ పడవ మీద మోకాళ్లపై కూర్చుని, రాడ్‌ను నీటిలోకి దాదాపు మొత్తం గుచ్చి రీల్ తిప్పాడు. రాడ్ కొన ఎంత కిందికి దిగితే ఎర కూడా అంత అదనంగా దిగింది. ఆ పోటీ గెలిచాడు. ‘మోకరిల్లి తిప్పడం’ అన్న పద్ధతికి అప్పుడే పేరొచ్చింది. దారం మీద పైసా ఖర్చు చేయకుండా లోతు సంపాదించే ఉపాయం అది, ఇవాళ్టికీ పనిచేస్తుంది. దూరంగా విసరడం కూడా అలాంటిదే. ఎర దిగడానికి కొంత దూరం, పడవ దగ్గరికి వచ్చేసరికి పైకి లేవడానికి కొంత దూరం పోతాయి. అడుగున పనిచేసేది మధ్య భాగంలోనే. విసురు చిన్నదైతే ఆ మధ్య భాగం మిగలదు. లోతు ఎరలకు ఏడున్నర, ఎనిమిది అడుగుల రాడ్ అడిగేది ఇందుకే.

రీల్ గురించి ఎక్కువ చెప్పను. ఎక్కువ మంది డబ్బు మొదట పెట్టేది దీని మీదే, చేప దక్కడంలో దీని వాటా మిగతా రెంటికంటే తక్కువ. తెలుసుకోవలసింది ఒక లెక్క. నిండుగా దారం చుట్టిన స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత సుమారు 107. గేర్ నిష్పత్తి, అంటే పిడి ఒక్క చుట్టుకు స్పూల్ తిరిగే చుట్లు, 5.4 అయితే పిడి ఒక్క చుట్టుకు 58 సెంటీమీటర్ల దారం వస్తుంది, 7.5 అయితే 80 సెంటీమీటర్లు. అదే ఎరను లాగడానికి 7.5 రీల్ పిడి మీద దాదాపు 40 శాతం ఎక్కువ బలం పెట్టాలి. పెద్ద పలక ఎరను రోజంతా లాగితే మణికట్టుకు ఆ తేడా బాగా తెలుస్తుంది. వేగం రీల్‌తో కూడా నెమ్మదిగా తిప్పవచ్చు కదా అంటారు. తిప్పవచ్చు, కానీ చేప తగలగానే చేయి తనంతట తానే వేగం పుంజుకుంటుంది. లోతు ఎరలకు ఐదు చిల్లర, చదర పలకకూ లిప్‌లెస్‌కూ ఆరు చిల్లర నుంచి ఏడు. దూరపు విసురులో స్పూల్ సగం ఖాళీ అయితే వ్యాసం తగ్గి ఒక్క చుట్టుకు వచ్చే దారం కూడా తగ్గుతుంది. ఎర అంత దూరంలో ఉన్నప్పుడే వేగం పడిపోతుంది, అది గమనించి తిప్పాలి. డ్రాగ్ దారం బలంలో నాలుగో వంతు దగ్గర పెట్టండి, 12 పౌండ్ల దారానికి 3 పౌండ్లు.

చిన్న ఎరల మాట వేరు. ఔన్సులో మూడో వంతు కూడా లేని బాల్సా ఎరలు, రపాలా షాడ్ రాప్ లాంటివి, గాలి వీస్తుంటే బెయిట్‌కాస్టర్ రీల్‌తో సరిగా పోవు. దారం చిక్కుపడుతుంది. వాటికి స్పిన్నింగ్ రాడ్, సన్నటి అల్లిక దారం, చివర ఫ్లోరోకార్బన్ ముక్క సరిపోతాయి. చలి నీళ్లలో వీటికే ఎక్కువ చేపలు పడతాయి.

పడవ లేక గట్టు మీంచి వేసే మన కుటుంబాలు డాలస్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్లకు లోతు ఎర అనవసరం. గట్టు నుంచి విసిరితే ఎర లోతు నుంచి ఎగువకు ఎక్కుతూ వస్తుంది, పొడవు పలక రాళ్లలో ఇరుక్కుంటుంది. చదర పలకా లిప్‌లెస్ రెండూ ఉంటే ఏడాదంతా గడుస్తుంది. లైసెన్సు మరవద్దు, టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లకు తప్పనిసరి. జలాశయాన్ని బట్టి పరిమాణం నియమాలు మారవచ్చు. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ దొరికితే నీటిలోకి వదిలేయాలి. 1992లో 18.18 పౌండ్ల రాష్ట్ర రికార్డు చేపను ఇచ్చిన చెరువు అది. కొక్కేలను త్వరగా తీయడానికి చేతిలో పొడుగు ముక్కు పట్టుకారు ఉండాలి.

ఒక్క సెట్టే కొనగలిగితే నేను చెప్పేది ఇది: ఏడు అడుగుల కాంపోజిట్ రాడ్, మీడియం-హెవీ పవర్, మోడరేట్ యాక్షన్, 6.3 దగ్గరి నిష్పత్తి ఉన్న మామూలు ధర రీల్. 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్. డబ్బు తగ్గించుకోవాలంటే రీల్‌లో తగ్గించండి, రాడ్‌లో వద్దు. కొట్లో రాడ్ తీసుకున్నప్పుడు కొనను మెల్లగా నేలకు ఆనించి నొక్కి చూడండి. వంపు కొన దగ్గరే ఆగిపోతే దాన్ని తిరిగి గోడకు పెట్టేయండి. నడుము దాకా వస్తే కొనండి.